కిట్టు నీడిలా, పాత కంపెనీ నీడిలా? ఆర్ఎక్స్ 100 సగం థ్రాటిల్‌లో బుడబుడ

బెజవాడ ఆర్ఎక్స్ (విజయవాడ)

అందరికీ నమస్కారం. బండి 1991 యమహా ఆర్ఎక్స్ 100. మామయ్య వాడి పక్కన పెట్టేసింది, నేను తీసుకుని ఇంజను పనంతా చేయించాను. బోరు, పిస్టన్, రింగులు, క్రాంక్ సీళ్లు అన్నీ కొత్తవి. కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపి ఇంజనుకి పంపేది) మాత్రం బండితో వచ్చిన మికుని వీఎం20. దానిలోకి బజారు రిపేర్ కిట్టు వేయించాను. ఒకే కవర్లో నీడిల్ (థ్రాటిల్‌తో పాటు పైకి లేచే సన్నటి సూది), మెయిన్ జెట్, పైలట్ జెట్ (పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రాల ముక్కలు), ఫ్లోట్ పిన్, గ్యాస్కెట్ వచ్చాయి. నీడిల్ దిగే ఇత్తడి గొట్టం, అంటే నీడిల్ జెట్ మాత్రం పాతదే.

ఐడిలింగ్ బాగుంది. ఫుల్ థ్రాటిల్ ఇస్తే దూకుతోంది. మధ్యలోనే గొడవ. బెంజ్ సర్కిల్ దాటి నలభై, యాభైలో నిదానంగా వెళ్తుంటే బుడబుడమంటుంది, ఒకటి విడిచి ఒకటి పేలుతున్నట్టు. ప్లగ్ తీస్తే నల్లగా, తడిగా ఉంటోంది. మైలేజీ సంగతి అడగొద్దు. నీడిల్ క్లిప్ అన్నిటికంటే పై గాడిలో పెట్టి, నీడిల్‌ని కిందికి దించినా కొంచెమే తగ్గింది.

పాత నీడిల్ పారేయలేదు. దాని మీద ఒక చోట ఉంగరంలా మెరుస్తున్న గీత ఉంది. అరిగిపోయినట్టే కదా? దాన్నే మళ్లీ వేయొచ్చా, ఇంకో కంపెనీ కిట్టు కొనాలా, లేక బయటి దేశం నుంచి ఒరిజినల్ తెప్పించుకోవాలా?


ఆటోనగర్ మేస్త్రి (విజయవాడ)

తమ్ముడూ, ప్రతిదానికీ కిట్టు మీద పడిపోతారు. మా షెడ్డులో ఇదే కిట్టు నీడిళ్లతో ఎన్నో ఆర్ఎక్స్‌లు తిరుగుతున్నాయి. పుండు ఒకచోట, మందు ఒకచోట కాకుండా ముందు ఇవి చూడు.

చోక్ ప్లంజర్ కింద రబ్బరు అరిగితే చోక్ మూసినా పెట్రోలు లాగుతూనే ఉంటుంది. ఫ్లోట్ లెవెల్, అంటే కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు మట్టం ఎక్కువగా ఉందేమో చూడు. ఎయిర్ ఫిల్టర్ స్పాంజి ఆయిల్‌తో బరువెక్కిందా? ఆటోల్యూబ్ పంపు (ఇంజనుకి ఆయిల్ పంపేది) గుర్తు సరిగా కలిపారా? పంపు ఎక్కువ తెరుచుకుని ఉంటే పొగా వస్తుంది, ప్లగ్గూ నల్లబడుతుంది. ఈ నాలుగూ చూశాక నీడిల్ గురించి మాట్లాడు.


కరీంనగర్ బుల్లెట్

మేస్త్రి గారు చెప్పినవన్నీ చూడు. దానితోపాటు ఇంకొక పని చెయ్. యాక్సిలేటర్ గ్రిప్ మీద, పక్కన స్విచ్ హౌసింగ్ మీద తెల్ల టేప్ అంటించి మూసిన చోటు, పావు, సగం, ముప్పావు, ఫుల్ గీతలు గీసుకో. రోడ్డు మీద ఏ గీత దగ్గర మిస్ అవుతోందో చూస్తే సగం తెలిసిపోతుంది.

మూసి ఉన్నప్పటి నుంచి కొంచెం తిప్పే దాకా పైలట్ జెట్, ఎయిర్ స్క్రూదే రాజ్యం. పావు దాకా స్లైడ్ కట్‌అవే, అంటే థ్రాటిల్‌తో లేచే స్లైడ్ అడుగున కోసిన అంచు. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్, నీడిల్ జెట్. ఆపైన మెయిన్ జెట్. ఈ గీతలు ఖచ్చితంగా ఉండవు, ఒకదాని పని ఇంకొకదాని మీదికి కొంచెం ఎక్కుతుంది. అయినా నువ్వు చెప్పేది నీడిల్ వాటాలోనే పడుతోంది. చోక్ లీకైతే ఐడిలింగ్‌లో కూడా తెలియాలి, నీకు ఐడిలింగ్ బాగుందన్నావు.


చేతక్ 87 (రాజమండ్రి)

నాదీ నీడిల్ సమస్యే, ఇక్కడే అడుగుతున్నా. చేతక్‌కి కొత్త నీడిల్ వేయించాక బండి స్టాండ్ వేసి ఉంచితే పెట్రోలు కారుతోంది. నీడిల్ కొలత తేడానా?


వైజాగ్ యెజ్డి

చేతక్ 87 గారూ, మీది వేరే నీడిల్. చేతక్‌లో ఉండే స్పాకో 20/20 కార్బురేటర్‌కి ఆర్ఎక్స్‌లోలా స్లైడ్‌కి వేలాడే జెట్ నీడిల్ అసలు ఉండదు. మీరు మార్పించింది ఫ్లోట్ పిన్, అంటే ట్యాంకు నుంచి వచ్చే పెట్రోలుని ఆపే మూత. దాని కొన సీటులో కూర్చోవడం లేదు, లేదా ఫ్లోట్‌లోకి పెట్రోలు దిగి మునుగుతోంది. ఫ్లోట్ తీసి చెవి దగ్గర ఊపి చూడండి. లోపల నీళ్ల చప్పుడైతే కథ అక్కడే ఉంది.

షాపులో రెండింటినీ ‘నీడిలే’ అంటారు. కొనేటప్పుడు ‘ఫ్లోట్ పిన్’ అని అడగండి.


బెజవాడ ఆర్ఎక్స్

మేస్త్రి గారూ, అన్నీ చూశాను. చోక్ రబ్బరు కొత్తగా ఉంది, ఇంకొకటి మార్చినా తేడా లేదు. ఫ్లోట్ మాన్యువల్ లెక్కకే ఉంది. స్పాంజి కడిగి ఆరబెట్టి పెట్టాను. పంపు గుర్తు సరిగానే ఉంది.

కరీంనగర్ అన్నా, టేప్ వేసి నడిపాను. పావు దాటగానే మొదలై సగం దాకా ఘోరం. ముప్పావు దగ్గర గొంతు విప్పుకున్నట్టు శుభ్రంగా లాగుతోంది.


న్యూజెర్సీ ఆర్‌డి

నాది ఇక్కడ 1974 యమహా ఆర్‌డి 350. రెండు వీఎం28 కార్బురేటర్లు, కాబట్టి ఈ తలనొప్పి నాకు రెండింతలు. ఒక అడుగు వెనక్కి వెళ్దాం. ముందు రెండు నీడిళ్ల మీదా ఏం రాసి ఉందో చూడండి. క్లిప్ గాళ్ల దగ్గర సన్నటి అక్షరాలు చెక్కి ఉంటాయి. భూతద్దం కావాలి, ఫోన్ కెమెరా పెద్దది చేసుకున్నా చాలు.

మికుని కోడ్ చదవడం తేలిక. ఉదాహరణకు 5డిపి7 అనుకోండి. మొదటి అంకె పొడవు: 4 అంటే 40 నుంచి 50 మి.మీ., 5 అంటే 50 నుంచి 60. తర్వాత అక్షరాలు వాలు ఎంతో, అంటే నీడిల్ కొనవైపు ఎంతగా సన్నబడుతుందో చెబుతాయి. ఎ అంటే పావు డిగ్రీ, అక్కడి నుంచి ఒక్కో అక్షరానికి పావు డిగ్రీ పెరుగుతుంది. డి అంటే ఒక డిగ్రీ, పి అంటే నాలుగు. ఒకే అక్షరం ఉంటే నీడిల్ మొత్తానికి ఒకటే వాలు. రెండు ఉంటే పైన ఒక వాలు, కొన దగ్గర ఇంకొకటి. చివరి అంకె ఆ కుటుంబంలో ఏ నీడిలో చెప్పే నంబరు. అసలు కిటుకంతా ఆ నంబరులోనే దాక్కుంటుంది. వాలు ఎక్కడ మొదలవుతుంది, తిన్నటి భాగం ఎంత లావు అనేవి అక్షరాల్లో కనపడవు. రెండు నీడిళ్లు ఒకే పొడవు, ఒకే వాలుతో ఉండి కూడా బండిని వేరువేరుగా నడపగలవు.

కొన్నిసార్లు ఆ తర్వాత గీత పెట్టి ఇంకో అంకె ఉంటుంది, అది క్లిప్ పై నుంచి ఎన్నో గాడిలో ఉండాలో.


బెజవాడ ఆర్ఎక్స్

పాతదాని మీద చెక్కి ఉంది కానీ మొదటి అంకె తప్ప మిగతావి అరిగిపోయి చదవడానికి రావడం లేదు. కిట్టు నీడిల్ మీద ఏమీ లేదు. నున్నగా ఉంది.


న్యూజెర్సీ ఆర్‌డి

అదే సమాధానం చాలా వరకు. కోడ్ లేని నీడిల్ అంటే ‘ఏ బండికైనా పట్టేది’ అని. ఏ బండికైనా పట్టేది మీ బండికి కుదరాలని లేదు.


బాలానగర్ టూల్‌రూమ్ (హైదరాబాద్)

చాలాకాలంగా చదువుతూ ఊరుకున్నాను. పని చేసేది టూల్‌రూమ్‌లో కాబట్టి కొలతల గురించి ఒక మాట.

నీడిల్‌ని ఒక్కదాన్నే పట్టుకుని మంచిదా, చెడ్డదా అంటే అర్థం లేదు. పెట్రోలు వెళ్లేది జెట్ రంధ్రానికీ నీడిల్‌కీ మధ్య మిగిలిన సందులోంచి. ఆ సందు ఎంత చిన్నదో చూడండి. లెక్క కోసం పి-0 అనే సైజు నీడిల్ జెట్ తీసుకుందాం, దాని రంధ్రం 2.650 మి.మీ. నీడిల్ తిన్నటి భాగం 2.510 అనుకుందాం. రంధ్రం వైశాల్యంలోంచి నీడిల్ వైశాల్యం తీసేస్తే మిగిలేది 0.567 చదరపు మి.మీ. ఇప్పుడు నీడిల్ 0.02 సన్నగా, 2.490 ఉందనుకోండి. సందు 0.646 అవుతుంది. అంటే దాదాపు 14 శాతం ఎక్కువ పెట్రోలు. నీడిల్ సరిగానే ఉండి జెట్ రంధ్రమే అరిగి 0.02 పెద్దదైనా దాదాపు అంతే, 15 శాతం దగ్గర.

0.02 మి.మీ. అంటే ఇరవై మైక్రాన్లు. మామూలు తల వెంట్రుక మందంలో సగం కూడా కాదు. కంటితో చూసి ‘అచ్చం ఒరిజినల్‌లాగే ఉంది’ అనడం అందుకే కుదరదు. షాపుల్లో వాడే వెర్నియర్ కాలిపర్ కూడా ఈ పనికి చాలదు, దాని పొరపాటే అంత ఉంటుంది. మైక్రోమీటర్ కావాలి.

బెజవాడ గారూ, రెండు నీడిళ్లూ కొరియర్ చేస్తే కొలిచి చెప్తాను. నీడిల్ జెట్ కూడా పంపితే ఇంకా మంచిది. బండి నాలుగు రోజులు ఆగుతుంది మరి.


ఆటోనగర్ మేస్త్రి

గురువు గారూ, మీ లెక్క కాదనను. కానీ మా దగ్గరికి వచ్చే కుర్రాడికి బండి సాయంత్రానికి కావాలి, జేబులో ఐదొందలు ఉంటాయి. మైక్రోమీటర్ పెట్టి కూర్చుంటే షెడ్డు మూసుకోవాలి. ఇంకో సంగతి, కిట్టులన్నీ ఒక్కటి కాదు. ఒక కంపెనీ సరుకే ఒక బ్యాచ్ బ్రహ్మాండంగా ఉంటుంది, తర్వాతది చెత్తగా వస్తుంది. నేను వేసిన వాటిలో చాలా బాగున్నాయి కాబట్టే చెప్పాను.


బాలానగర్ టూల్‌రూమ్

మేస్త్రి గారూ, మీరన్న ఆ బ్యాచ్ తేడానే అసలు జబ్బు. ఒరిజినల్‌కి ఎక్కువ డబ్బు ఇచ్చేది లోహానికి కాదు, ప్రతి ముక్కా ఒకేలా వస్తుందన్న భరోసాకి. మీ చేతిలో వంద బండ్ల అనుభవం ఉంది కాబట్టి వినగానే పట్టేస్తారు. ఒక్క బండి ఉన్నవాడికి ఆ సౌకర్యం లేదు.


వైజాగ్ యెజ్డి

ఆర్‌డి అన్నా, జంట కార్బురేటర్ల మాట ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. రెండు నీడిళ్లలో ఒకటే మారిస్తే?


న్యూజెర్సీ ఆర్‌డి

వద్దు. రెండూ కలిపి మార్చాలి, జెట్లతో సహా. ఒక సిలిండర్ చిక్కగా (పెట్రోలు ఎక్కువై), ఒకటి పలచగా (పెట్రోలు తక్కువై) నడిస్తే రెండు కార్బురేటర్లని ఎంత సింక్ చేసినా కుదరదు. నేను కొన్న ఒక కిట్టులో రెండు నీడిళ్లు పక్కపక్కన పెడితే గాళ్లే సరిపోలేదు, ఒకటి కొంచెం కిందికి ఉంది. ఒకే కవర్లోంచి తీసినవి!


బాలానగర్ టూల్‌రూమ్

బెజవాడ గారూ, సరుకు అందింది. కొలతలు ఇవిగో. నీడిల్‌ని వీ-బ్లాకులో (వీ ఆకారపు గాడి ఉన్న దిమ్మ) పడుకోబెట్టి, మధ్య గాడి నుంచి కిందికి కొలుచుకుంటూ, ఒక్కోచోట మూడు వైపులా తిప్పి మైక్రోమీటర్ పెట్టాను.

పాత నీడిల్: తిన్నటి భాగం 2.51. మీరు భయపడ్డ ఆ మెరిసే ఉంగరం దగ్గర ఒక వైపు 2.50, మిగతా వైపులా 2.51. అంటే అది మెరుపే, అరుగుదల నామమాత్రం. వాలు మధ్య గాడికి 28 మి.మీ. కింద మొదలవుతోంది.

కిట్టు నీడిల్: తిన్నటి భాగం 2.50 నుంచి 2.51. ఇక్కడిదాకా చూసి ఎవరైనా ‘బాగుంది’ అనేస్తారు. కానీ వాలు 25 దగ్గరే మొదలైపోయింది. మూడు మి.మీ. ముందే. పాతది ఇంకా 2.51 ఉండే చోట, అంటే 28 దగ్గర, ఇది 2.44కి సన్నబడింది.

పైన వేసిన పి-0 లెక్కలోనే పెట్టి చూడండి: ఆ చోట సందు 0.567 ఉండాల్సింది 0.84 అవుతుంది. దాదాపు సగం ఎక్కువ. పావు నుంచి సగం దాకా బుడబుడమనకుండా ఎలా ఉంటుంది?

క్లిప్ పైకి మార్చినా ఎందుకు నయం కాలేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. మధ్య గాడి నుంచి పై గాడికి రెండు మెట్లు. ఒక మెట్టు సుమారు ఒక మి.మీ. నీడిల్ రెండు మి.మీ. కిందికి దిగింది, తేడా మూడు. గాళ్లు అయిపోయాయి, ఇంకా ఒక మి.మీ. తేడా మిగిలింది.

కిట్టు నీడిల్‌ని గట్టి బల్ల మీద దొర్లిస్తే కొన కొద్దిగా ఊగుతోంది. కొంచెం వంకర. పాతది తిన్నగా దొర్లుతుంది. ఇది ఇంట్లో అద్దం మీద ఎవరైనా చేసుకోగల పరీక్ష.

ఇక నీడిల్ జెట్. దీన్ని పిన్ గేజ్‌లతో, అంటే ఖచ్చితమైన కొలత ఉన్న పిన్నులతో చూశాను. రంధ్రం గుండ్రంగా లేదు. ఒక వైపు 0.02 ఎక్కువగా అరిగి కోలగా ఉంది. నీడిల్ ఇంజను అదురుకి ఒకే వైపుకి ఆనుకుని రుద్దుకుంటూ ఉంటుంది కదా, ఇత్తడి జెట్ లొంగిపోతుంది. అందరూ నీడిల్ మార్చి జెట్ వదిలేస్తారు. నిజానికి ఎక్కువగా అరిగేది జెట్.

కాబట్టి పాత నీడిల్ పారేయకండి. కొత్త జెట్ సంపాదించండి. పాత జెట్ మీద ఏ కోడ్ ఉందో అదే కోడ్.


కరీంనగర్ బుల్లెట్

మస్తు పని చేసిండ్రు గురువు గారూ. నా అమల్ అనుభవం దీనికి సరిగ్గా అతుకుతుంది. నాది అమల్ మోనోబ్లాక్ కార్బురేటర్ ఉన్న పాత బుల్లెట్ 350. అమల్‌లో నీడిల్ జెట్ కొలత అంగుళాల్లో ఉంటుంది: .105, .106, .107 అని. మన లెక్కలో 2.667, 2.692, 2.718 మి.మీ. ఒక సైజుకీ ఇంకో సైజుకీ తేడా ఒక థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతు. బాగా తిరిగిన జెట్ ఒక సైజు పైకి వెళ్లిపోయి ఉంటుంది, మీద మాత్రం పాత నంబరే కనపడుతుంది. నీడిల్‌ని కిందికి దించుతూ, దించుతూ సంవత్సరాలు నెట్టుకొచ్చేవాళ్లు చాలామంది.

నేను ఇంగ్లండులో అమల్ పేరుతో ఇప్పుడు తయారు చేస్తున్న బర్లెన్ వాళ్ల జెట్, నీడిల్ జతగా తెప్పించుకున్నాను. షిప్పింగ్ ఖర్చే సరుకంత అయింది. కానీ స్టాండర్డ్ గాడిలో పెట్టగానే సరిగ్గా నడిచింది. అంతకుముందు ఒక షాపాయన ‘స్టీల్ నీడిల్, జీవితంలో అరగదు’ అని అంటగట్టాడు. అది అరగలేదు, నిజమే. జెట్‌ని తినేసింది.


బెజవాడ ఆర్ఎక్స్

గురువు గారికి పెద్ద థాంక్స్. ఒక డౌటు. కిట్లలో నీడిల్ జెట్ కూడా వచ్చేవి ఉన్నాయి కదా, అది వేస్తే?


బాలానగర్ టూల్‌రూమ్

వేసే ముందు జెట్‌ని పక్కకి తిప్పి చూడండి. గొట్టం గోడకి చిన్న చిన్న రంధ్రాల వరసలు ఉన్నాయా? ఉంటే అది గాలిని పెట్రోలులో ముందే కలిపే రకం, ఎక్కువగా ఫోర్ స్ట్రోక్ బండ్లలో వాడతారు. టూ స్ట్రోక్ వీఎంలలో ఎక్కువగా గోడకి ఆ వరసలు లేని రకం, పైన నోటి దగ్గర చిన్న గోడలా అంచు లేచి ఉంటుంది. పాతదాని పక్కన పెట్టి చూసుకోండి. రెండింటికీ మర ఒకటే కావచ్చు, రంధ్రం ఒకటే కావచ్చు, పని మాత్రం వేరు. కిట్టులో ఏది వేశారో ఆ దేవుడికే తెలియాలి.


న్యూజెర్సీ ఆర్‌డి

జెట్ కోడ్ గురించి: అక్షరం ఒకటి మారితే రంధ్రం 0.05 పెరుగుతుంది. ఓ-0 అంటే 2.600, పి-0 అంటే 2.650, క్యూ-0 అంటే 2.700. మధ్యలో 2, 4, 6, 8 అంకెలు ఒక్కోటి 0.01. అంటే పి-4 అంటే 2.670. మీ జెట్ మీద ఉన్నది రాసుకుని అదే అడగండి, ‘ఆర్ఎక్స్ జెట్’ అని అడగొద్దు.

నకిలీల గురించి కూడా చెప్పాలి. అసలు మికుని జెట్ల మీద చదరంలో చదరం ఉన్న చిన్న ముద్ర ఉంటుంది. అంచులు పదునుగా, మరలు శుభ్రంగా ఉంటాయి. ముద్ర ఉన్నంత మాత్రాన అసలు అని కాదు, దాన్ని కూడా కొడుతున్నారు. కానీ అక్షరాలు అలుక్కుపోయి, మరల్లో పొట్టు ఉంటే మాత్రం కొనకండి.

‘మేడ్ ఇన్ జపాన్’ కార్బురేటర్ అని పది రెట్ల ధర చెప్పేవాళ్ల దగ్గర కూడా ఇదే జాగ్రత్త. ఆర్ఎక్స్ 100 మన దగ్గర 1985 నుంచి 1996 దాకా వచ్చింది. తొలి బండ్లు జపాన్ విడిభాగాలతో బిగించినవి. దానికి విలువ ఉంది, ఒప్పుకుంటా. అయితే అంతకాలం తిరిగిన జపాన్ జెట్ ఇప్పుడు జపాన్ కొలతలో ఉండదు.


వైజాగ్ యెజ్డి

ఇక్కడ ఎవరూ అనని ఒక ప్రమాదం చెప్తాను, ఎందుకంటే నా స్నేహితురాలి బండి ఇలాగే సీజ్ అయింది. కిట్టు నీడిల్ వల్ల మధ్యలో చిక్కగా నడిచి ప్లగ్ నల్లబడుతుంది. ప్లగ్ చూసిన మెకానిక్ ‘రిచ్‌గా ఉంది’ అని మెయిన్ జెట్ ఒక సైజు తగ్గిస్తాడు. ఊళ్లో తిరిగేటప్పుడు పెద్ద తేడా తెలియదు. హైవే ఎక్కి భీమిలి వైపు ఫుల్ థ్రాటిల్ పట్టుకుంటే నీడిల్ పక్కకి తప్పుకుంటుంది, మొత్తం భారం ఆ చిన్న మెయిన్ జెట్ మీద పడుతుంది. పలచన, వేడి, పిస్టన్ పట్టేయడం. ప్లగ్ రంగు ఏ థ్రాటిల్‌లో నడిపి చూశారన్నదే అసలు ప్రశ్న.

దాని మీద ఇప్పుడు ఇ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. మామూలు పెట్రోలు కేజీకి 14.7 కేజీల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. 20 శాతం కలిపితే లెక్క సుమారు 13.5కి దిగుతుంది. అంటే పాత జెట్లతోనే బండి ఎనిమిది, తొమ్మిది శాతం పలచగా నడుస్తుంది. కొందరు ఇందుకోసమే నీడిల్ ఒక గాడి పైకి లేపుతున్నారు. బాగానే ఉంది, కానీ అది ముప్పావు థ్రాటిల్ వరకే. టూ స్ట్రోక్‌ని హైవే మీద తోలేవాళ్లు మెయిన్ జెట్ కూడా చూసుకోవాలి.


ఆటోనగర్ మేస్త్రి

ఈ మాట మాత్రం బంగారం అమ్మా. సీజ్ అయిన ఆర్ఎక్స్‌లు వారానికొకటి వస్తున్నాయి మా దగ్గరికి. అందరూ ఆయిల్ పంపుని తిడతారు. కార్బురేటర్ విప్పితే చిన్న మెయిన్ జెట్.


చేతక్ 87

వైజాగ్ యెజ్డి గారూ, ఫ్లోట్ ఊపితే గలగల అంది. కొత్తది వేశాను, కారడం ఆగింది. చర్చ మధ్యలో దూరినందుకు ఏమనుకోకండి, మిగతాది చదువుతున్నా.


కరీంనగర్ బుల్లెట్

మన ధోరణి చూస్తే కొత్తవాళ్లు కిట్టు అంటేనే పారిపోతారు. అదీ కరెక్ట్ కాదు. కిట్టులో గ్యాస్కెట్, ఓ-రింగ్, ఫ్లోట్ పిన్ వాడుకోండి, వాటికి పెద్ద రహస్యం లేదు. ఇ20కి పాత రబ్బరు ఉబ్బిపోతుంది కాబట్టి కొత్తవి మంచిదే. పెట్రోలు కొలిచే ముక్కలు, అంటే నీడిల్, నీడిల్ జెట్, మెయిన్, పైలట్, ఈ నాలుగూ మాత్రం నంబరు చూసి వేసుకోండి. పాత ఇత్తడి జెట్లు మూసుకుపోతే తీగతో పొడవకండి. క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టండి.


న్యూజెర్సీ ఆర్‌డి

సగం ఒప్పుకుంటా. జపాన్‌లో తయారయ్యే కొన్ని కిట్లలో నీడిల్ మీద వాళ్ల సొంత నంబరు ఉంటుంది, ఫలానా మోడల్‌కి అని తయారు చేసినది. అలాంటివి నాకు ఒక గాడి అటూ ఇటూ చేస్తే కుదిరాయి. కాబట్టి నా లెక్కలో గీత ఒరిజినల్‌కీ బయటిదానికీ మధ్య కాదు, నంబరు ఉన్నదానికీ లేనిదానికీ మధ్య.


ఆటోనగర్ మేస్త్రి

నంబరు చెక్కడానికి ఎంతసేపు? రేపటి నుంచి కవర్లో వచ్చేవాటన్నిటి మీదా చెక్కేస్తారు చూడు.


బెజవాడ ఆర్ఎక్స్

అప్‌డేట్. నీడిళ్లు, జెట్ తిరిగి వచ్చాయి. ముందు ఒకదాన్నే మార్చి చూద్దామని పాత కోల జెట్‌తోనే పాత నీడిల్ పెట్టాను, క్లిప్ మధ్య గాడిలో. బుడబుడ ముప్పావు వంతు పోయింది. క్లిప్ ఒక గాడి పైకి జరిపితే నలభైలో శుభ్రంగా వెళ్తోంది. ప్లగ్ గోధుమ రంగుకి వచ్చింది.

తర్వాత అదే కోడ్ ఉన్న కొత్త జెట్ దొరికింది, చదరం ముద్రతో. ఇక్కడిది కాదు, చెన్నై పుదుపేటలో తెలిసినవాళ్ల ద్వారా. అది వేసి క్లిప్ మళ్లీ మధ్యకి తెస్తే పావు దగ్గర కూడా తేరుకుంది. పావు కన్నా తక్కువలో ఒక చిన్న తడబాటు మిగిలింది, అది ఎయిర్ స్క్రూ పావు తిప్పు లోపలికి తిప్పితే పోయింది.

హైవే మీద ఇంకా ఫుల్ థ్రాటిల్ పట్టలేదు. వైజాగ్ గారి పోస్టు చదివాక ధైర్యం చాలలేదు. ఇప్పుడున్న మెయిన్ జెట్ కిట్టుది, పాతది కూడా నా దగ్గర ఉంది. రెండింటి మీదా ఒకటే నంబరు. అయినా ఒకటేనా?


బాలానగర్ టూల్‌రూమ్

నంబరు ఒకటైతే రంధ్రం ఒకటి కావాలని లేదు. పాత మెయిన్ జెట్ మాత్రం నీడిల్ జెట్ లాగా అరగదు, దానిలో ఏదీ రుద్దుకోదు. తీగతో పొడిచి ఉండకపోతే అదే వేయండి. వేసి, ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో ఫుల్ పట్టి, అక్కడే క్లచ్ నొక్కి ఇంజను ఆపేసి, ప్లగ్ తీసి పింగాణీ అడుగు రంగు చూడండి. తెల్లగా ఉంటే ఒక సైజు పెంచాలి. ఇ20తో పెంచాల్సి వచ్చే అవకాశమే ఎక్కువ.


ఆటోనగర్ మేస్త్రి

ఆ పరీక్షకి బైపాస్ మీదికి పోవద్దు తమ్ముడూ, లారీలు ఎక్కువ. తెల్లారగట్ల కానూరు లోపలి రోడ్డు ఖాళీగా ఉంటుంది. ఒక పెద్ద మెయిన్ జెట్ జేబులో పెట్టుకుని, ప్లగ్ స్పానర్ తీసుకుని షెడ్డుకి రా, నేనూ వస్తా. ఆ కిట్టు నీడిల్ కూడా పట్టుకురా. నా దగ్గర కొత్త బ్యాచ్ కవర్లు పది వచ్చాయి, అద్దం మీద దొర్లించి చూద్దాం.